అరకు ఘాట్‌లో మరిగిపోయిన కారు: రేడియేటర్ మార్చాక గాలి ఎలా తీయాలి?

విశాఖ_చక్రం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది ఎనిమిదేళ్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్. 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు వారాల క్రితం రేడియేటర్ అడుగున కారుతోందని ఇంటి దగ్గరి షెడ్డులో కొత్త రేడియేటర్, పెద్ద పైపులు రెండూ వేయించాను. ఊళ్లో ఆఫీసుకు తిరిగినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. నిన్న కుటుంబంతో అరకు బయలుదేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలైన కాసేపటికి ఉష్ణోగ్రత ముల్లు సగం దాటింది. ఏసీ ఆపాను. ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. హమ్మయ్య అనుకుని మళ్లీ ఏసీ వేశాను. రెండు మలుపులు తిరిగేసరికి ఎర్రగీతకు ఎగబాకింది.

పక్కకు ఆపి చూస్తే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా మూతి వరకూ నిండి ఉంది. గంట తరువాత చల్లారాక చూస్తే కనీస గీతకు కింద ఎక్కడో ఉంది! లీటరు నీళ్లు పోసి కదిలితే అనంతగిరి దగ్గర మళ్లీ అదే కథ. ఇలా మూడుసార్లు జరిగింది. పైగా డ్యాష్‌బోర్డు వెనుక కూజా వంపినట్టు గళగళమని చప్పుడు. వెనుక సీట్లో ఉన్న మా అత్తగారు "ఎవరు బాబూ పుక్కిలిస్తున్నది?" అని అడిగారు.

షెడ్డు ఆయనకు ఫోను చేస్తే, "రేడియేటర్ కొత్తదే కదా, ఇక థర్మోస్టాట్ తీసేద్దాం" అంటున్నారు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండా ఆపే బిళ్ల అట అది. తీయించమంటారా?

మూడు_ట్యాక్సీలు | సోమవారం, రాత్రి 10:05

తీయించండి. నా మూడు బళ్లకూ ఎప్పుడో తీయించాను. మన ఎండల్లో థర్మోస్టాట్ ఎందుకండీ? చలిదేశాల సరుకు అది.

డిపో_పానా | మంగళవారం, ఉదయం 5:50

ఆర్టీసీ డిపో వర్క్‌షాపులో 31 ఏళ్లు పానా పట్టి రిటైరైనవాడిని. విశాఖ_చక్రం గారూ, థర్మోస్టాట్ జోలికి వెళ్లకండి. మీరు రాసిన దానిలోనే జబ్బు పేరు ఉంది. ముల్లు పెరిగిందన్న చోట కన్నా, పడిపోయిందన్న చోట నేను ఆగాను. మీరు ఏసీ ఆపి పట్టుమని పది క్షణాలు కాకముందే ఇంజిన్ అంతగా చల్లబడదు. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ద్రవంలో మునిగి ఉన్నంతవరకే నిజం చెబుతుంది. దాని చుట్టూ గాలో ఆవిరో చేరితే, పక్కన లోహం మరిగిపోతున్నా అది తక్కువ చూపిస్తుంది. ద్రవం మళ్లీ వచ్చి తగలగానే ముల్లు ఎర్రగీతకు దూకుతుంది. మీరు హమ్మయ్య అనుకున్న ఆ నిమిషమే అన్నిటికన్నా ప్రమాదకరమైన నిమిషం.

డబ్బా నిండడం, చల్లారాక ఖాళీ కావడం కూడా ఆ గాలి పనే. వేడికి గాలి, ఆవిరి వ్యాకోచించి కూలెంట్‌ను డబ్బాలోకి నెడతాయి. చల్లారితే కుంచించుకుపోయి వెనక్కి లాక్కుంటాయి. ద్రవం కూడా వ్యాకోచిస్తుంది కానీ కనీస గీతకూ గరిష్ఠ గీతకూ మధ్య ఆ మాత్రం జాగా ఉంచే డబ్బా చేస్తారు. మూతి దాకా రాకూడదు.

రేడియేటర్ విప్పితే వ్యవస్థలోని కూలెంట్ చాలావరకు ఖాళీ అవుతుంది. తిరిగి నింపేటప్పుడు పైనుంచి గబగబా పోస్తే, కింద ఉన్న గాలి బయటికి దారి లేక ఎత్తుగా ఉన్న మూలల్లో చేరుతుంది. ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్డు, థర్మోస్టాట్ వెనుక భాగం, డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ రేడియేటర్, ఇవే దాని ఇళ్లు. మీకు పుక్కిలింత వినిపించింది ఆ మూడో ఇంట్లోంచి. ఊళ్లో ఇంజిన్ మీద భారం తక్కువ కాబట్టి గాలి ఉన్నా గడిచిపోయింది. ఘాట్‌లో బయటపడింది.

ఒక ప్రశ్న. హీటర్ పూర్తి వేడికి పెడితే వేడి గాలి వస్తోందా, చల్లటి గాలి వస్తోందా?

పొలంగట్టు | మంగళవారం, ఉదయం 6:30

డిపో_పానా గారు చెప్పింది మా రైతులకు కొత్త కాదు. కాలువ గట్టు మీద మోటారుకు ఫుట్‌వాల్వు (పైపు అడుగున నీరు జారిపోకుండా ఆపే కవాటం) కారి పైపులో గాలి చేరిందంటే మోటారు గిర్రున తిరుగుతుంది, చుక్క నీరు రాదు. పైన మూత తీసి బిందెడు నీళ్లు పోసి గాలి తీస్తేనే ఎత్తుతుంది. కారులో వాటర్ పంపు కూడా అలాంటి రెక్కల పంపే. రెక్కలు నీటిని విసరగలవు, గాలిని విసరలేవు.

మూడు_ట్యాక్సీలు | మంగళవారం, ఉదయం 8:15

గాలి సంగతి ఒప్పుకుంటాను. కానీ థర్మోస్టాట్ లేకపోతే అడ్డు తొలగుతుంది, నీళ్లు ధారాళంగా తిరుగుతాయి, గాలి కూడా తొందరగా పోతుంది. ఇందులో తప్పేముంది?

డిపో_పానా | మంగళవారం, ఉదయం 9:00

తప్పు రెండు చోట్ల ఉంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు రెండు బిళ్లలు ఉంటాయి. పై బిళ్ల రేడియేటర్ దారి తెరుస్తుంటే, కింది బిళ్ల అడ్డదారి మూస్తుంది. మీరు మొత్తం తీసేస్తే రెండు దారులూ తెరిచే ఉంటాయి. వేడి నీటిలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే అడ్డదారిన మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. అంటే చల్లబరచడానికి తీసిన వస్తువే, ఘాట్ ఎక్కేటప్పుడు వేడి పెంచుతుంది. రెండోది: ఆ బిళ్ల మామూలుగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అది లేక ఇంజిన్ ఆ వేడికి ఆలస్యంగా చేరితే, ఇంజిన్ కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఇంధనం ఎక్కువ పోస్తుంది. మీ మూడు బళ్ల మైలేజీ ఎంత వస్తోందో అడగను, మీరే చూసుకోండి.

గాలి పోవడానికి థర్మోస్టాట్ తీయనక్కరలేదు. చాలావాటికి అంచున చిన్న రంధ్రం, అందులో కదిలే పిన్ను ఉంటాయి. అది గాలి కోసమే పెట్టింది. బిగించేటప్పుడు ఆ పిన్ను పైకి, గడియారంలో 12 ఉండే చోట రావాలి. కిందికి పెట్టి బిగిస్తే గాలి పైన ఇరుక్కుంటుంది.

డాలస్_తమ్ముడు | మంగళవారం, ఉదయం 10:20

హీటర్ ప్రశ్న చూసి రాయాలనిపించింది. ఇక్కడ టెక్సాస్‌లో కూడా చలికాలంలో కొన్ని రోజులు హీటర్ లేకుండా బండి కదలదు. అందువల్ల వ్యవస్థలో గాలి చేరితే మొదటిరోజే తెలిసిపోతుంది: ఆగి ఉన్నప్పుడు చల్లటి గాలి, యాక్సిలరేటర్ తొక్కితే వేడి గాలి. విశాఖలో ఎనిమిదేళ్లలో హీటర్ ఎన్నిసార్లు వేసి ఉంటారు? రెండు వారాల ముందే వచ్చిన హెచ్చరిక అలా కనబడకుండా పోయింది.

విశాఖ_చక్రం | మంగళవారం, రాత్రి 8:50

ఒక్కసారి కూడా వేయలేదు! ఈ సాయంత్రం మొదటిసారి వేశాను. బండి పావుగంట నడిపి, ముల్లు మధ్యకు వచ్చాక నాబ్ పూర్తిగా ఎర్రవైపు తిప్పాను. చల్లటి గాలే వస్తోంది. బానెట్టు ఎత్తి చూశాను. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడలోకి రెండు సన్న పైపులు వెళ్తున్నాయి. ఒకటి చేయి పెట్టలేనంత వేడి, రెండోది చల్లగా ఉంది.

డిపో_పానా | బుధవారం, ఉదయం 5:45

దొరికింది. ఒక పైపు వేడిగా, రెండోది చల్లగా ఉందంటే హీటర్‌లోకి వెళ్లిన నీరు బయటికి రావడం లేదు. గాలి అడ్డుపడిందో, లోపల పాచి పట్టి మూసుకుపోయిందో. రేడియేటర్ మార్చిన వెంటనే మొదలైంది కాబట్టి నేను గాలికే ఓటు వేస్తాను. కోస్తాలో కొందరు మెకానిక్‌లు హీటర్ మనకెందుకని ఆ రెండు పైపులనూ ఒకదానికొకటి కలిపేస్తారు. మీ బండికి అలా చేయలేదు, సంతోషం.

ఇప్పుడు పని చెబుతాను. తొందర వద్దు, సెలవు రోజు ఉదయం పెట్టుకోండి. బండి రాత్రంతా చల్లారి ఉండాలి. వేడి మీద మూత తీయవద్దు. మూత బిగించి ఉంటే లోపల ఒత్తిడి వాతావరణం కన్నా దాదాపు 1 బార్ ఎక్కువ. ఆ ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఓపిక పడుతుంది. మూత తీసిన క్షణంలో ఆ ఓపిక పోతుంది, కొంత నీరు ఒక్కసారిగా ఆవిరై, మిగతా మరిగే నీటిని మొహం మీదికి చిమ్ముతుంది. మా డిపోలో చేతులు కాల్చుకున్నవాళ్లను చూశాను.

దారిలో మూడు లీటర్ల నీళ్లు పోశారు కాబట్టి లోపలి కూలెంట్ పలచబడిపోయింది. అది దించేసి కొత్తది పోయండి. దించింది ఎన్ని లీటర్లో కొలిచి రాసుకోండి. ఎక్కించింది కూడా కొలవండి. గాలి ఎంత ఉండేదో ఆ తేడా చెబుతుంది. దించిన కూలెంట్ మూత ఉన్న క్యాన్‌లో పెట్టండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. అది విషం.

బండి ముందు భాగం ఎత్తులో పెట్టండి. పోసే మూత మిగతా అన్నిటికన్నా పైన ఉంటే గాలి దానంతట అదే ఆ వైపు నడుస్తుంది. హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పండి, కొన్ని బళ్లలో హీటర్ కవాటం అప్పుడే తెరుచుకుంటుంది. తరువాత గాలి తీసే మర కోసం వెతకండి. మీ హీటర్ పైపు మీద ఎక్కడో చిన్న ప్లాస్టిక్ మరో ఇత్తడి మరో ఉండవచ్చు. వదులు చేసి, కూలెంట్‌ను సన్నటి ధారగా పోస్తూ ఉండండి. మొదట ఉస్సుమని గాలి, తరువాత నురగ, చివరికి బుడగ లేని ధార వస్తాయి. అప్పుడు మూయండి. ప్లాస్టిక్ మరను బలం కొద్దీ బిగిస్తే విరుగుతుంది, వేళ్లతో బిగించి చిన్న తిప్పు చాలు.

ఇక ఇంజిన్ వేయండి, మూత తీసే ఉంచండి, ఏసీ వద్దు. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి పై పెద్ద పైపును చేతితో పిసుకుతూ ఉండండి. బుడగలు వస్తుంటాయి, మట్టం దిగుతుంటుంది, పోస్తూ ఉండండి. పై పైపు చాలాసేపు గోరువెచ్చగానే ఉండి ఒక్కసారిగా కాలుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. అప్పుడే చివరి పెద్ద బుడగ వచ్చి మట్టం గబుక్కున పడిపోతుంది. చాలామంది ఇక్కడికి రాకముందే పని అయిపోయిందని మూత బిగించి ఇంటికి వెళ్తారు. మీ షెడ్డులో అదే జరిగి ఉంటుంది. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచండి. ఈ మధ్యలో కూలెంట్ పొంగి పైకి వస్తుంటే ఇంజిన్ ఆపి వెనక్కి జరగండి.

సెల్లారు_వాసి | బుధవారం, ఉదయం 11:10

హైదరాబాద్‌లో అపార్టుమెంటు జీవులకు ఒక కిటుకు. ముందు భాగం ఎత్తులో పెట్టడానికి జాకీలు, ఇటుకలు అవసరం లేదు. సెల్లారు ర్యాంపు ఉంది కదా. ముక్కు రోడ్డువైపు వచ్చేలా ర్యాంపు పై చివర ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, మొదటి గేరు వేసి, వెనుక చక్రాలకు రెండు రాళ్లు అడ్డం పెట్టండి. ఇంజిన్ వేసేముందు గేరు న్యూట్రల్‌కు తెచ్చి, ఆ రాళ్లు కదలలేదని చూసుకోవాలి. పొగ సెల్లారులోకి పోకుండా ఆరుబయట చివరే ఆపాలి. నేను చదునైన చోట రెండు గంటలు కుస్తీ పట్టి వదిలేసిన పని ర్యాంపు మీద 35 నిమిషాల్లో అయింది. వాచ్‌మన్ గారితో ముందే మాట్లాడుకోండి. నేను మాట్లాడలేదు, వెనుక నాలుగు కార్లు ఆగిపోయాయి.

మరో మాట. రెండు లీటర్ల నీళ్ల సీసా అడుగు కోసి, దాని మూతిని కూలెంట్ డబ్బా మూతిలో బిగుతుగా దించితే అదే గరాటు. సగం నింపి ఉంచితే బుడగలు పైకి రావడం కంటితో చూడవచ్చు.

డాలస్_తమ్ముడు | బుధవారం, సాయంత్రం 6:40

ఇక్కడ వర్క్‌షాపుల్లో వాక్యూమ్ పద్ధతి వాడతారు. కంప్రెసర్ గాలి సాయంతో ఖాళీ వ్యవస్థలోంచి గాలి అంతా లాగేస్తారు. రబ్బరు పైపులు అప్పడాల్లా అణిగిపోతాయి, మొదటిసారి చూస్తే భయం వేస్తుంది. కొద్ది నిమిషాలు ఆ పరికరం మీది ఒత్తిడి ముల్లు కదలకుండా నిలబడితే లీకు లేనట్టు. తరువాత కవాటం తిప్పితే కూలెంట్‌ను వ్యవస్థే పీల్చుకుంటుంది. గాలే లేదు కాబట్టి ఇరుక్కునేది కూడా ఏమీ ఉండదు.

కొన్ని కొత్త బళ్లలో వాటర్ పంపు కరెంటుతో నడుస్తుంది, అక్కడ పద్ధతే వేరు. నా పాత బీఎండబ్ల్యూలో ఇంజిన్ వేయకుండా ఇగ్నిషన్ మాత్రం వేసి, హీటర్ గరిష్ఠ వేడికి, బ్లోయర్ కనిష్ఠానికి పెట్టి, యాక్సిలరేటర్‌ను 10 సెకన్లు పూర్తిగా తొక్కి వదిలితే పంపు దానంతట అదే 12 నిమిషాలు తిరిగి గాలి తీసుకుంటుంది. బ్యాటరీకి ఛార్జర్ తగిలించి చేయాలి.

పొలంగట్టు | బుధవారం, రాత్రి 7:30

నా ట్రాక్టర్‌కు బోరు నీళ్లే పోస్తాను. 12 ఏళ్లుగా నడుస్తోంది. ఈ కూలెంట్ ఖర్చు తప్పదా?

డిపో_పానా | బుధవారం, రాత్రి 8:20

బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు చూశారు కదా. అదే మీ ఇంజిన్ లోపలా పడుతుంది. పాత ట్రాక్టర్‌కు దారులు పెద్దవి, లోహం మందం, తట్టుకుంటుంది. కారు రేడియేటర్ గొట్టాలు సన్నవి, అల్యూమినియం. కూలెంట్ చలికి గడ్డకట్టకుండా ఉండడానికే అనుకుంటారు. మనకు దానితో ముఖ్యమైన పని తుప్పు ఆపడం, పంపు సీలును కాపాడడం. గాఢమైనది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగంసగం కలపాలి. రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు అనేవి కంపెనీల ఇష్టం. మాన్యువల్లో రాసిన రకం చూడండి.

విశాఖ_చక్రం | శనివారం, మధ్యాహ్నం 1:15

ఉదయం ఆరింటికి మొదలుపెట్టాను. దించింది 4.2 లీటర్లు. రంగు పలచటి షర్బత్తులా ఉంది. మా వీధి చివర ఎత్తు మీద ముక్కు పైకి పెట్టాను. డిపో_పానా గారు చెప్పినట్టే హీటర్ పైపు మీద నల్లటి ప్లాస్టిక్ మర దొరికింది. దాని మీద పేరుకున్న మన్ను చూస్తే షెడ్డులో దాన్ని ఎవరూ ముట్టుకోలేదని తెలిసిపోతోంది. ఉస్సుమనడం, నురగ, ధార, అన్నీ వరుసగా వచ్చాయి.

అయినా ఇంజిన్ వేశాక తేడాగా ఉంది. డబ్బాలోకి పైనుంచి వచ్చే ఒక సన్న పైపు ఉంది. రేడియేటర్ పై మూల నుంచి వస్తుంది. దానిలోంచి చుక్క కూడా రావడం లేదు. ఊడదీసి నోటితో ఊదాను. గాలి పోలేదు.

డిపో_పానా | శనివారం, మధ్యాహ్నం 1:30

నోటితో ఊదారా! కూలెంట్ పైపును! ముందు నోరు బాగా పుక్కిలించి రండి, మిగతాది తరువాత. సైకిలు పంపు ఎందుకు ఉంది?

విశాఖ_చక్రం | శనివారం, మధ్యాహ్నం 3:40

పుక్కిలించాను. అత్తగారు మళ్లీ అడిగారు.

పైపు బాగానే ఉంది. డబ్బావైపు ప్లాస్టిక్ ముక్కు లోపల సున్నంలాంటి తెల్లటి పెచ్చు బిరడాలా బిగుసుకుంది. నిజం చెప్పాలి, ఇన్నేళ్లూ మట్టం తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లే పోశాను. డబ్బా విప్పి సన్న తీగతో పొడిచి, వేడి నీళ్లతో నాలుగుసార్లు కడిగాను. మళ్లీ బిగించి ఇంజిన్ వేస్తే ఆ ముక్కులోంచి దారమంత ధార డబ్బాలోకి పడుతోంది, మధ్యమధ్య బుడగలు. పావుగంటకు పై పైపు కాలింది, మట్టం నాలుగు వేళ్లు దిగిపోయింది. పోశాను. ఫ్యాను రెండుసార్లు తిరిగింది. మొత్తం ఎక్కింది 5.6 లీటర్లు.

హీటర్ వేశాను. విశాఖలో, మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, నిప్పుల్లాంటి గాలి మొహానికి కొట్టింది. ఇంత సంతోషం ఏసీ ఎప్పుడూ ఇవ్వలేదు.

డిపో_పానా | శనివారం, సాయంత్రం 4:30

5.6 లోంచి 4.2 తీస్తే 1.4. ఘాట్‌లో పొంగి కారిపోయింది కొంత ఉన్నా, లీటరుకు పైగా గాలితో కొండ ఎక్కారు. ఆ సన్న పైపే మీ బండికి రోజూ గాలి తీసే పనివాడు. అది నడుస్తుంటే మిగిలిన చిన్న బుడగలను తనే డబ్బాలోకి తెచ్చి వదులుతుంది. పెద్ద పైపులు మార్చినవాళ్లు దాని వంక చూడలేదు.

రేపు ఉదయం చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, దిగితే పోయండి. రెండు మూడు రోజులు కొద్దిగా దిగడం మామూలే. ఎర్రగీత మూడుసార్లు ముట్టింది కాబట్టి హెడ్డు గాస్కెట్ (సిలిండర్ హెడ్డు కింద సీలుగా ఉండే పలక) మీద ఒక కన్ను వేయాలి. ఉదయం చల్లటి ఇంజిన్ వేసిన నిమిషంలోపే పై పైపు రాయిలా గట్టిపడితే అనుమానించండి. నీరు ఇంకా వేడెక్కనే లేదు, మరి ఒత్తిడి ఎక్కడిది? చెడిన గాస్కెట్ దాటి సిలిండర్‌లోంచి వచ్చిన వాయువుదే. ఇంజిన్ ఆయిల్ మూత కింద మీగడలాంటిది ఉందేమో కూడా చూడండి.

రాజమండ్రి_రహదారి | ఆదివారం, ఉదయం 9:20

నా బండిదీ ఆ గాస్కెట్ జబ్బే అనుకుంటాను. పెట్రోలు సెడాన్. నెలలో నాలుగుసార్లు గాలి తీయించాను. తీసిన వారానికి మళ్లీ పుక్కిలింత. ఎక్కడా చుక్క కారదు.

డిపో_పానా | ఆదివారం, ఉదయం 10:00

ఒకసారి తీసిన గాలి తిరిగి వస్తోందంటే అది పాత గాలి కాదు, ఎక్కడో కొత్తగా తయారవుతోంది. మూతలో లోపలికి పీల్చే చిన్న కవాటం చెడిందేమో, డబ్బాకు వెళ్లే పైపు చీలిందేమో ముందు చూడండి. మీ రేడియేటర్‌కు విడిగా మూత, పక్కన ఒత్తిడి లేని డబ్బా ఉంటే, చల్లారేటప్పుడు ఆ పైపు చీలికలోంచి కూలెంట్ బదులు గాలి పీల్చుకుంటుంది. అవి బాగుంటే నీలిరంగు ద్రవం పరీక్ష చేయించండి. రేడియేటర్ మూతి మీద గాజు గొట్టం పెట్టి లోపలి గాలిని ఆ ద్రవంలోంచి లాగుతారు. సిలిండర్‌లో మండిన వాయువు నీటిలోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల నీలం పసుపుగా మారుతుంది. పరీక్షకు ముందు మట్టం కొంచెం దించమనండి. కూలెంట్ గొట్టంలోకి ఎక్కితే పరీక్ష చెడుతుంది.

రాజమండ్రి_రహదారి | మంగళవారం, సాయంత్రం 6:00

పసుపు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. హెడ్డు దించుతున్నారు.

విశాఖ_చక్రం | తరువాతి సోమవారం, ఉదయం 7:10

నిన్న ఒక్కడినే మళ్లీ అనంతగిరి దాకా వెళ్లాను. ఏసీ వేసే ఎక్కాను. ముల్లు మధ్యగీత మీద మేకు కొట్టినట్టు నిలబడింది. ఉదయం పైపు మెత్తగానే ఉంటోంది, ఆయిల్ మూత శుభ్రంగా ఉంది. మొదటి మూడు రోజుల్లో మట్టం ఒక వేలు దిగింది, తరువాత కదలలేదు.

మూడు_ట్యాక్సీలు | తరువాతి సోమవారం, రాత్రి 9:30

ఒక బండికి థర్మోస్టాట్ తిరిగి పెట్టించాను. ఒక్క బండికే. పిన్ను పైకే ఉందని నేనే దగ్గర నిలబడి చూసుకున్నాను. మిగతా రెండూ అలాగే తిరుగుతాయి. నెల తరువాత మూడింటి డీజిల్ లెక్క ఇక్కడే పెడతాను.